వాన రోజున ఆయమ్మ రావాలా?

ప్రశ్న: మాది తిరుపతి. నేను బ్యాంకులో, మావారు శ్రీసిటీలో పనిచేస్తాం. పదకొండు నెలల బాబును చూసుకోవడానికి తిరుచానూరు అవతలి పల్లె నుంచి ఆయమ్మ వస్తుంది. జీతం నెలకు 10,400. మొన్నటి వాయుగుండానికి రెండు రోజులు రాలేదు. రెండో రోజు వాన తెరిపిచ్చినా రాలేదు. ఆ రెండు రోజుల జీతం పట్టుకుంటే, ఇప్పుడు మానేస్తానంటోంది. నా సెలవులు పోగొట్టుకుని, పైగా జీతం కూడా ఇవ్వాలా?

జవాబు: ఇవ్వాలి. నెల జీతాన్ని 26తో భాగిస్తే రోజుకు 400. మీకు మిగిలింది 800. ఆమె మానేస్తే, కొత్త మనిషి దొరికి బాబు ఆమె చంక ఎక్కేదాకా మీరు పెట్టే సెలవుల ముందు అదొక లెక్కే కాదు. జీతం రోజు వరకు ఆగకుండా ఆ డబ్బు ఇప్పుడే చేతిలో పెట్టేయండి.

తెరిపిచ్చినా రాలేదన్నారు. మన ఊళ్లో చాలామంది పొరబడేది ఇక్కడే. కొండ మీద కురిసిన నీళ్లు కిందికి దిగడానికి సమయం పడుతుంది. ఎగువన చెరువులు మొరవ పారి, కల్యాణి డ్యామ్ గేట్లు ఎత్తితే స్వర్ణముఖి వాన ఆగిన తర్వాతే ఉరుకుతుంది, కాజ్‌వేలు మునుగుతాయి. 2021 నవంబరులో ఇదంతా కళ్లారా చూసిన ఊరే మనది. మీ బాల్కనీలో ఎండ కాస్తున్న వేళకే ఆమె దారిలో వంక పొర్లుతుండొచ్చు. పారే నీళ్లు 15 సెంటీమీటర్లుంటే చాలు, పెద్దవాళ్లకే కాళ్లు నిలవవు. 30 సెంటీమీటర్లకు చిన్న కారు తేలుతుంది. షేర్ ఆటో సంగతి చెప్పేదేముంది? ఊళ్లోకి వచ్చాక కూడా వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్‌బ్రిడ్జిలాంటి పల్లపు చోట్ల నీళ్ల లోతు పైకి తెలియదు.

అందుకని ఉదయం ఏడింటికి ఫోన్ చేసి ‘వస్తావా, రావా’ అని అడగడం మానండి. పని పోతుందన్న భయంతో ‘వస్తానమ్మా’ అనేస్తుంది. ముందు రోజు రాత్రి ఎనిమిదింటికే తేల్చేయండి. వాతావరణ శాఖ జిల్లాకు రెడ్ అలర్ట్ ఇస్తే (రోజుకు 204.4 మిల్లీమీటర్లకు మించిన వానకు ఇచ్చేది సాధారణంగా ఇదే) రావద్దని మీరే చెప్పండి, జీతం పూర్తిగా ఇవ్వండి. ఆరెంజ్ అయితే ఉదయం ఆరింటికి ఆమె తన దారి చూసి చెబుతుంది. రెండు గంటలు ఆలస్యమైనా కోత ఉండకూడదు, ఆ రోజు ఆటో చార్జీ మీదే. అయితే రంగు ఒక్కటే చూస్తే పొరబడతారు. సూళ్లూరుపేట తీరమూ శేషాచలం కొండలూ ఒకే జిల్లాలో ఉన్నాయి. తీరంలో కుంభవృష్టికి ఇచ్చిన హెచ్చరిక నాడు మీ వీధిలో తుంపరే పడొచ్చు. కాజ్‌వే ఎలా ఉందో చెప్పగలిగేది దాని అవతల ఉన్న ఆమె ఒక్కతే. ఆ మాట మీద ఎదురు వాదించకండి.

రాత్రికి మీ ఇంట్లోనే ఉండమనడం ఇంకో దారి. అది అడగాల్సింది వాన మొదలుకాక ముందు. ఆమెకూ పిల్లలుంటారు, సరేననాల్సిన పని లేదు. ఉంటే విడిగా పడక, రెండు పూటలా భోజనం, ఒక రోజు కూలి అదనం. రాత్రి బాబు లేస్తే చూసుకోవాల్సింది మీరే. ఆ కూలి ఆమె పగటి పనికి కాదు, ఇల్లు వదిలి ఉన్నందుకు.

సెలవుల విషయానికొస్తే, ఇక్కడ ఈశాన్య రుతుపవనాల కాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈ మూడు నెలలకు ఇద్దరూ చెరి మూడు సెలవులు దాచుకోండి, వంతు ఎవరిదో ముందే అనుకోండి. లేకపోతే వాన రోజు పొద్దున ఆ గొడవ వంటింట్లో మొదలవుతుంది, ఆయమ్మ మీదికి పోతుంది. మీ అపార్ట్‌మెంట్‌లోనే ఒకరిని చూసిపెట్టి, నెలకోసారైనా బాబును గంటసేపు వాళ్ల దగ్గర వదలండి. కొత్త ముఖమైతే అక్కరకు వచ్చిన రోజున ఏడ్చి గోల పెడతాడు. అలా వదిలేటప్పుడు, పిండి ఉంచిన తల్లిపాలు 25 డిగ్రీల లోపు గది వేడిలో నాలుగు గంటలే నిలుస్తాయి. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచితే మరో నాలుగు గంటలు చల్లదనం ఉంటుంది.

ప్రశ్న: మాది చిత్తూరు. న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి ఇంటికి నానీ (పిల్లలను చూసుకునే ఆయా) కారులో వస్తుంది. మంచు పడితే రాదట. అక్కడి పద్ధతేమిటి?

జవాబు: వారానికి ఇన్ని గంటలకు జీతం ఖాయమని అక్కడ ఒప్పందంలోనే రాసుకుంటారు. మంచు తుఫానుకు ఏం చేయాలో రాయలేదంటే ఇప్పుడు ఒక వాక్యం చేర్పించండి: ప్రభుత్వం రోడ్ల మీదికి రావద్దంటే పని లేదు, జీతం ఉంటుంది. మంచు ఆగిన మరునాడే ఎక్కువ జాగ్రత్త కావాలి. పగలు కరిగిన నీరు రాత్రికి గడ్డకట్టి, తారురోడ్డు మీద కంటికి కనిపించని పలుచని పొరవుతుంది. బ్రేకు వేస్తే కారు జారుతూనే పోతుంది. నానీ వచ్చేసరికి ఇంటి ముందు దారి, మెట్లు మీ అమ్మాయివాళ్లే పారతో శుభ్రం చేసి, మంచు కరిగించే ఉప్పు చల్లి ఉంచాలి.