గోరువెచ్చగా వస్తే పాడైనట్టు కాదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇంటిని వెచ్చబెట్టే హీట్ పంపుల గురించే. చలికాలం కదా. అన్నిటికీ జవాబు రాయడానికి చోటు చాలదు, నాలుగు తీసుకున్నాను. విజయవాడ ఐటీఐలో రిఫ్రిజిరేషన్ ట్రేడు చదివి, కొన్నాళ్లు హైదరాబాద్‌లో ఏసీలు బిగించి, ఇరవై ఏళ్లకు పైగా మాసాచుసెట్స్‌లో ఇదే పని చేస్తున్నవాణ్ని. అందుకని నేను చేత్తో పట్టుకుని చూసిందే చెబుతాను.

ప్రశ్న: మాది తెనాలి. అక్టోబరులో మాసాచుసెట్స్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి వచ్చాం. వాళ్ల పాత ఇంట్లో గ్యాస్ మండించి ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఉండేది, వేడిగాలి వచ్చే వెంట్ దగ్గర నిలబడితే ఒళ్లు కాగినట్టుండేది. ఈ కొత్త ఇంట్లో హీట్ పంపు. వెంట్ దగ్గర చెయ్యి పెడితే చల్లగాలే తగులుతోంది. మావారికి మోకాళ్ల నొప్పులు. ఇంట్లో ఎంత వేడి ఉండాలో పెట్టే థర్మోస్టాట్‌ని నేను 78 ఫారన్‌హీట్‌కి పెడతాను, అబ్బాయి వచ్చి 68కి దించుతాడు. కిందటి నెల కరెంటు బిల్లు చూసి కోడలు ఏమీ అనలేదు గానీ ముఖం చిన్నబోయింది. మిషను పాడైందా? అసలు బయట అంత మంచు పడుతుంటే లోపలికి వేడి ఎక్కణ్నుంచి వస్తుంది?

జవాబు: అమ్మా, మీ మిషను పాడవలేదనే నా నమ్మకం. బిల్లు పెరగడానికి కారణం కూడా మీ ఉత్తరంలోనే ఉంది. ముందు మీ చివరి ప్రశ్నకి జవాబు చెబుతాను, అది తెలిస్తే మిగతావి వాటంతట అవే తేలిపోతాయి.

ఎండాకాలం కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కుండ బయటికి ఊరిన చెమ్మ ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని పట్టుకుపోతుంది. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు ఆవిరి తగిలితే చెయ్యి ఎందుకు అంత చురుక్కుమంటుంది? ఆ ఆవిరి చేతి మీద నీరుగా మారుతూ, తాను దాచుకున్న వేడినంతా అక్కడే వదిలేస్తుంది. ఆవిరయ్యేటప్పుడు వేడి తీసుకోవడం, మళ్లీ నీరయ్యేటప్పుడు వదలడం. హీట్ పంపులో జరిగేది ఈ రెండే. పెరట్లో ఉన్న డబ్బాలో కుండ పని, ఇంట్లో ఉన్న కాయిల్‌లో, అంటే గొట్టాల చుట్టలో, ఇడ్లీ పాత్ర మూత పని.

అయితే అందులో తిరిగేది నీళ్లు కాదు, గ్యాస్. ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా ఉన్న ఆర్-410ఏ అనే గ్యాస్, మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 51 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. మనకి మైనస్ 10 అంటే ఎముకలు కొరికే చలి. దానికి మాత్రం అది పొయ్యి కిందే లెక్క. ఆ చలిగాలిలోంచే వేడి తాగి ఆవిరవుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని గట్టిగా నొక్కుతుంది, నొక్కేసరికి బాగా వేడెక్కుతుంది. ఇంట్లోకి వచ్చి ఆ వేడి వదిలి ద్రవమై మళ్లీ బయటికి పోతుంది. ఎండాకాలం రివర్సింగ్ వాల్వ్ అనే చిన్న భాగం తిరగబడి ఇదే పని ఎదురు దిశలో చేయిస్తుంది, అప్పుడది ఏసీ. ఇంటిని వెచ్చబెట్టడానికీ చల్లబరచడానికీ ఒకే యంత్రం చాలునని లార్డ్ కెల్విన్ 1852లోనే రాశాడు.

ఇక చల్లగాలి సంగతి. గ్యాస్ ఫర్నేస్ నుంచి వచ్చే గాలి 120 నుంచి 140 ఫారన్‌హీట్ ఉంటుంది. హీట్ పంపు గాలి 90 నుంచి 105 దాకానే. మన అరచెయ్యి కూడా ఇంచుమించు 90 ఉంటుంది కాబట్టి, ఆ గాలి జోరుగా తగిలితే చల్లగానే అనిపిస్తుంది. చెయ్యి అబద్ధం చెప్పడం లేదు గానీ, గది కంటే ఆ గాలి చాలా వెచ్చన. ఫర్నేస్ పది నిమిషాలు భగ్గుమని ఊదేసి ఆగిపోతుంది. హీట్ పంపు గోరువెచ్చటి గాలిని గంటల తరబడి ఆగకుండా ఇస్తూనే ఉంటుంది. అన్నం సన్నటి సెగ మీద మగ్గినట్టు ఇల్లు మెల్లగా వెచ్చబడుతుంది.

రెండేళ్ల కిందట అచ్చం మీలాంటి ఇంటికే వెళ్లాను. పెద్దాయన మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని హాల్లో కూర్చున్నారు. "ఏం బాబూ, ఇది వేడి మిషనా, ఫ్యానా?" అన్నారు. గాలి వెనక్కి పోయే రిటర్న్ దగ్గర థర్మామీటరు పెట్టాను, 67. పైనున్న వెంట్ దగ్గర 95. ఆయన చేతికే థర్మామీటరు ఇచ్చి చూపించాను. 28 డిగ్రీల తేడా, బంగారంలా పనిచేస్తోంది. తర్వాత ఆయన కుర్చీ వైపు చూశాను. వెంట్‌లోంచి వచ్చే గాలి సూటిగా ఆయన మెడ మీదే పడుతోంది. కుర్చీని ఆరడుగులు పక్కకి జరిపి, గాలిని గోడవైపు మళ్లించే ప్లాస్టిక్ రేకు ఒకటి వెంట్‌కి తగిలించాను. అరగంటకి మంకీ క్యాప్ తీశారు. ఆ రోజు నేను మిషను మూత కూడా విప్పలేదు.

మీరూ అలాగే మీవారు కూర్చునే చోటు చూడండి. మరీ చలి లేని రోజున, మిషను అరగంట ఆడాక, ఇంటి వంట థర్మామీటరుతోనే రెండు చోట్లా కొలవండి. తేడా 15 డిగ్రీల కన్నా తక్కువ వస్తే ముందు ఫిల్టరు మార్పించండి, అప్పటికీ మారకపోతే మెకానిక్‌ని పిలిపించండి.

ఇప్పుడు బిల్లు. మీ అబ్బాయి ఇంట్లో డక్టులు, అంటే గాలి గొట్టాలు, ఉన్న హీట్ పంపు కాబట్టి, అందులో సాయంగా హీటర్ కాయిల్స్ కూడా ఉండి ఉంటాయి. థర్మోస్టాట్ మీద ఆక్స్ అని కనిపించేది అదే. ఒక్కసారిగా 68 నుంచి 78కి పెట్టగానే, "వీళ్లకి తొందరగా ఉంది" అనుకుని థర్మోస్టాట్ ఆ హీటర్లని వేసేస్తుంది. 10 కిలోవాట్ల హీటరు ఒక గంట ఆడితే 10 యూనిట్లు. అదే వేడి హీట్ పంపు ఇస్తే, చలిని బట్టి నాలుగైదు యూనిట్లతో సరిపోతుంది. తర్వాత అబ్బాయి వచ్చి 68కి దించుతాడు, ఇల్లు చల్లబడుతుంది, మీరు మళ్లీ 78 పెడతారు, మళ్లీ హీటర్లు. మీ ఇద్దరి మధ్యా ఆ థర్మోస్టాట్ నలిగిపోతోంది.

అందుకని తల్లీకొడుకులు కూర్చుని 71కో 72కో ఒప్పుకోండి. రాత్రీ పగలూ దాన్ని కదపకండి. ఫర్నేస్ ఉన్న రోజుల్లో రాత్రిపూట బాగా దించి పొద్దున్నే పెంచడం మంచి అలవాటే. హీట్ పంపుకి మాత్రం అది పనికిరాదు, రాత్రి మిగిల్చింది పొద్దున హీటర్లు తినేస్తాయి. పొరపాటున కూడా ఎమర్జెన్సీ హీట్ మీట నొక్కకండి. అది నొక్కితే కంప్రెసర్ ఆగిపోయి మొత్తం హీటర్ల మీదే నడుస్తుంది. బయటి యూనిట్ చెడిపోయిన రోజు కోసం పెట్టిన మీట అది. ఒకాయన అది నొక్కి నెలంతా మరిచిపోయారు, ఆ ఇంటి బిల్లు చూసి నాకే గుండె ఝల్లుమంది.

మీవారి మోకాళ్లకి ఇంకా వెచ్చగా కావాలంటే ఆయన ఉండే గది ఒక్కదానికే ఏర్పాటు చేసుకోండి. కరెంటు దుప్పటికి 100 వాట్లు కూడా పట్టదు. ఇల్లంతా 78 చెయ్యడం కన్నా అది నయం. ఈ మాట కోడలికి కూడా చూపించండి.

ప్రశ్న: న్యూజెర్సీలో 2,200 చదరపు అడుగుల ఇల్లు. ఫర్నేస్, ఏసీ రెండూ 20 ఏళ్లవి. ఒక కాంట్రాక్టరు వచ్చి 5 టన్నుల హీట్ పంపు కావాలన్నాడు. ఇంకొకరు ఈ చలికి హీట్ పంపు పనికిరాదు, ఫర్నేసే వేసుకోమన్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరి మాటా నమ్మకండి. చలికి పనికిరాదన్నది పాత మాట. మీకన్నా చాలా ఉత్తరాన ఉన్న మెయిన్ రాష్ట్రం 2025కల్లా లక్ష హీట్ పంపులు పెట్టించాలని 2019లో లక్ష్యం పెట్టుకుని, 2023లోనే దాన్ని దాటేసింది.

టన్ను అంటే ఇక్కడ బరువు కాదు, మిషను శక్తికి కొలత. ఆ 5 టన్నుల లెక్క ఎలా వచ్చిందో ఆయన్నే అడగండి. ఇల్లు ఎంతుందో చూసి నోటికొచ్చిన అంకె చెప్పి ఉంటే ఆయనకి దణ్ణం పెట్టి పంపించెయ్యండి. గోడలు, కిటికీలు, అటక మీది ఇన్సులేషన్ అన్నీ లెక్కగట్టే పద్ధతి ఒకటుంది, దాన్ని మాన్యువల్ జే అంటారు. అది రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఈలోగా మీరే చేసుకోగల లెక్క ఒకటి చెబుతాను. బాగా చలిగా, 15 ఫారన్‌హీట్ దగ్గర ఉన్న రాత్రి, గంటలో మీ పాత ఫర్నేస్ ఎన్ని నిమిషాలు మండుతోందో వాచీ పెట్టుకుని చూడండి. దాని లేబుల్ మీద 1,00,000 బీటీయూ (వేడికి కొలత), 80 శాతం అని ఉంటే ఇంట్లోకి వచ్చేది 80,000. గంటకి 27 నిమిషాలే మండుతుంటే మీ ఇంటికి కావలసింది 36,000 బీటీయూ, అంటే 3 టన్నులు. టన్నుకి 12,000 లెక్క.

ఇక్కడే చాలామంది పొరపడతారు. 3 టన్నులని రాసి ఉన్న మిషను ఆ వేడి ఇచ్చేది బయట 47 ఫారన్‌హీట్ ఉన్నప్పుడు. చలి పెరిగేకొద్దీ ఇంటికి ఎక్కువ వేడి కావాలి, మిషనేమో తక్కువ ఇస్తుంది. అందుకని 17 దగ్గర, 5 దగ్గర ఎంత ఇస్తుందో కంపెనీ పట్టికలో చూపించమని అడగండి. అలాగని భయపడి మరీ పెద్దది పెట్టిస్తే ఎండాకాలం ఏడిపిస్తుంది. ఐదు నిమిషాల్లో గది చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో తేమ మాత్రం అలాగే ఉంటుంది, దుప్పట్లు జిడ్డుగా తగులుతాయి.

ఖర్చు గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. ఒక థర్మ్ (గ్యాస్ బిల్లులో వాడే కొలత) గ్యాస్‌ని 95 శాతం ఫర్నేస్‌లో మండిస్తే వచ్చే వేడిని, హీట్ పంపు పది, పదకొండు యూనిట్ల కరెంటుతో ఇస్తుంది. మీ బిల్లు తీసి అన్ని చార్జీలూ కలిపి యూనిట్ ఎంత పడుతోందో చూసి 11తో గుణించండి. యూనిట్ 20 సెంట్లు అయితే 2 డాలర్ల 20 సెంట్లు. మీకు గ్యాస్ థర్మ్ అంతకన్నా చౌకగా పడుతుంటే, చలికాలం బిల్లు హీట్ పంపుతో తగ్గదు. ఆయిల్, ప్రొపేన్, గోడ కింద కరెంటు హీటర్లు ఉన్న ఇళ్లలో అయితే నేను కళ్లు మూసుకుని హీట్ పంపు పెట్టించుకోమంటాను. మీది గ్యాస్ ఇల్లు, పైగా ఏసీ కూడా ఎలాగూ మార్చాలి. కాబట్టి ఏసీ స్థానంలో హీట్ పంపు పెట్టించి, దానితోపాటు చిన్న గ్యాస్ ఫర్నేస్ వేసుకోండి. దీన్ని డ్యూయల్ ఫ్యూయల్ అంటారు. బయట 35 ఫారన్‌హీట్ దాకా పంపు, అంతకు దిగితే గ్యాస్. ఏ డిగ్రీ దగ్గర మారాలో ధరల్ని బట్టి మీరే దిద్దుకోవచ్చు.

2,000 డాలర్ల ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. ఇంకా ఉందని ఎవరైనా చెబితే జాగ్రత్త. రాష్ట్రం, కరెంటు కంపెనీ ఇచ్చేవి వేరు, అవి విచారించండి. ఇంకొకటి, 2025 నుంచి కొత్త మిషన్లు ఆర్-32, ఆర్-454బీ అనే గ్యాసులతో వస్తున్నాయి. బయటి యూనిట్ కొత్తది పెట్టి, లోపలి పాత కాయిల్ ఉంచేద్దామంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: పొద్దున్నే అవుట్‌డోర్ యూనిట్ లోంచి పొగ వస్తోంది, బుస్సుమని శబ్దం. కాలిపోతోందా?

జవాబు: అది పొగ కాదు, ఆవిరి. చలిగాలిలో తేమ ఉంటే బయటి కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. మిషను తనంతట తానే కాసేపు ఏసీలా తిరగబడి ఆ కాయిల్‌ని వేడిచేసి మంచు కరిగిస్తుంది. ఐదు, పది నిమిషాల్లో అయిపోతుంది. గంటల తరబడి యూనిట్ మంచుగడ్డలా ఉండిపోతే మాత్రం మెకానిక్‌ని పిలవండి. స్విచ్ ఆపి గోరువెచ్చటి నీళ్లు పొయ్యొచ్చు గానీ స్క్రూడ్రైవరుతో పొడవద్దు. ఈ దేశం వచ్చిన మొదటి చలికాలం నేనే ఆ పని చేశాను. కాయిల్‌కి సూది మోపినంత చిల్లి పడి, గ్యాసంతా బుస్సున పోయింది. ఆ ఇంట్లో నెలల పాప ఉంది. కొత్త కాయిల్ వచ్చేదాకా రెండు రాత్రులు వాళ్లు చుట్టాలింట్లో పడుకున్నారు. ఆ అమ్మాయి పాపని దుప్పట్లో చుట్టుకుని కారెక్కడం నాకింకా కళ్లముందే ఉంది.

ప్రశ్న: హైదరాబాద్, మియాపూర్. అపార్ట్‌మెంట్‌లో హాట్ అండ్ కోల్డ్ ఏసీ కొనాలా? మామూలు ఏసీ చాలా?

జవాబు: హాట్ అండ్ కోల్డ్ ఏసీ కూడా చిన్న హీట్ పంపే. మీ ఊళ్లో వేడి కావలసింది డిసెంబరు, జనవరిలో కొన్ని తెల్లవారుజాములే. ఇంట్లో పెద్దవాళ్లో పసిపిల్లలో ఉంటే వాళ్ల గదికి ఒకటి తీసుకోండి, రూమ్ హీటర్ కన్నా కరెంటు చాలా తక్కువ. మిగతా గదులకి అనవసరం.

మీకు ఏడాది పొడుగునా వేడి కావలసింది స్నానాల నీళ్లకి. నన్నడిగితే హైదరాబాద్‌లో హీట్ పంపుకి అసలు పని అక్కడే ఉంది. 100 లీటర్ల నీళ్లని 20 డిగ్రీల నుంచి 50కి తేవాలంటే గీజరుకి మూడున్నర యూనిట్లు పడుతుంది. హీట్ పంపు వాటర్ హీటరుకి ఒకటీ, ఒకటిన్నర చాలు. మీ గాలి వెచ్చన కాబట్టి దానికి పెద్ద శ్రమ లేదు. సొంత డాబా ఉంటే సోలార్ పెట్టుకోమనేవాణ్ని, అపార్ట్‌మెంట్‌లో డాబా మీ చేతిలో ఉండదు కదా. హీట్ పంపు వాటర్ హీటరు ధర గీజరు కన్నా బాగా ఎక్కువ, అందుకని నలుగురైదుగురున్న ఇల్లయితేనే ఆలోచించండి.

కొనేముందు యుటిలిటీ బాల్కనీ టేపుతో కొలవండి. ట్యాంకు నిలబడటానికి చోటు, ఆ బరువుకి తగ్గ నేల, గాలి ఆడటానికి ఖాళీ ఉండాలి. అది చల్లగాలి వదులుతుంది, బొట్లుబొట్లుగా నీళ్లు కూడా కారుస్తుంది. ఆ నీళ్లు కింది ఫ్లాట్ వాళ్ల బట్టల మీద పడకుండా డ్రెయిన్ పైపు ముందే వేయించుకోండి.