ఆ సీసాలో ఏముంది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రాతప్రతి అందింది. రెండుసార్లు చదివాను. 1885 నాటి రాజమహేంద్రవరంలో పసిబిడ్డకు విరేచనాలు పట్టుకున్న ఇంటికి కొడుకు దొరల మందు సీసా తేవడం, అత్తగారు దాన్ని పక్కకు నెట్టి తన మందుల పెట్టె తెరవడం, సీసా ఓడి పెట్టె గెలవడం, స్థూలంగా ఇదీ కథ. వాక్యం నీకు బాగా వశమైంది. అందులో నాకు సందేహం లేదు. కాని ముప్పయి పేజీల్లో ఆ సీసాలో ఏముందో ఒక్కచోటా చెప్పలేదు. పెట్టెలో ఏముందో కూడా 'వనమూలికలు' అన్న ఒక్క మాటతో దాటవేశావు. ఈ ఉత్తరమంతా ఆ రెండు ఖాళీల గురించే.

నీ వయసులో నేనూ ఇలాంటి కథే రాసి ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన చదివి, "ఆ సీసాలో ఏముందయ్యా?" అని అడిగారు. "ఏదో మోసపు మందండీ" అన్నాను. "సీసాలో మోసం పోయరు, ద్రవం పోస్తారు. ఆ ద్రవం పేరు చెప్పు" అన్నారు. చెప్పలేకపోయాను. ఆ కథ ఇప్పటికీ అచ్చు కాలేదు, మంచిదే అయింది.

ఆ కాలంలో, ఆ జబ్బుకు, గుమాస్తా ఉద్యోగి ఇంటికి వచ్చే ఇంగ్లీషు సీసా ఏదంటే నేను క్లోరోడైన్ అనే చెబుతాను. భారతదేశంలో సైనిక వైద్యుడిగా పనిచేసిన జాన్ కాలిస్ బ్రౌన్ 1848లో కలరా కోసం దాన్ని తయారు చేశాడు. 1856లో లండన్‌లోని డావెన్‌పోర్ట్ అనే మందుల వ్యాపారికి హక్కులు అప్పగించాడు. అసలు కనిపెట్టింది నేనేనని ఫ్రీమన్ అనే మరొకడు అదే పేరుతో అమ్మడం మొదలుపెడితే, వ్యవహారం 1864లో కోర్టుకెక్కింది. అందులోని ముఖ్యమైన దినుసులు మూడు: సారాయిలో నానేసిన నల్లమందు, గంజాయి సారం, క్లోరోఫారం. నల్లమందు పేగుల కదలికను మందగింపజేస్తుంది, నొప్పి తెలియనివ్వదు, నిద్ర పట్టిస్తుంది. అంటే ఆ సీసా నిజంగానే పనిచేసేది, విరేచనం నిజంగానే కట్టేది. అందుకే అంతగా అమ్ముడుపోయింది, అందుకే దానికి అలవాటుపడి వదలలేకపోయినవాళ్లూ, మోతాదు మించి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. పసిబిడ్డ విషయంలో మందుకూ విషానికీ మధ్య దూరం కొన్ని చుక్కలే.

ఇది తెలిశాక నీ కథ అలాగే నిలుస్తుందా? ఆ రాత్రి గెలవవలసింది సీసాయే. బిడ్డ ఏడుపు ఆపుతుంది, ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. తెల్లవారుజామున ఆ నిద్ర మామూలు నిద్ర కాదని తల్లికి అనుమానం వస్తుంది. ఇక అత్తగారి పెట్టె సంగతి. వస, సొంఠి, వాము, కరక్కాయ, పిప్పళ్లు, ఇవన్నీ ఉంటాయి, నిజమే. వసకొమ్మును కాల్చి సాన మీద అరగదీసి నాకించే చెయ్యి ఆవిడది. కాని అదే పెట్టెలో ఒక మూల చిన్న భరిణెలో నల్లమందు కూడా ఉంటుంది. బిడ్డ నిద్రపోవడానికి ఆవగింజంత పెట్టడం మన ఇళ్లలో ఎరగని పని కాదు. ఇంగ్లండులో మిల్లు పనికి పోయే తల్లులు గాడ్‌ఫ్రీస్ కార్డియల్ అనే నల్లమందు పాకాన్ని పిల్లలకు పట్టినదీ ఇందుకే. కాబట్టి నువ్వు ఎదురెదురుగా నిలబెట్టిన సీసా, పెట్టె రెండింటిలోనూ ఉన్న పదార్థం ఒకటే. పదార్థం ఒకటే అయినప్పుడు వాటి మధ్య తేడా ఏమిటన్నది నీ కథ అడగవలసిన ప్రశ్న.

'పేటెంటు మందు' అన్న మాట దగ్గరే నువ్వు కాస్త ఆగవలసింది. పేటెంటు కావాలంటే తయారీ విధానం బయటపెట్టాలి. ఈ మందుల యజమానులలో చాలామంది ఆ పని చేయలేదు. పేరునూ పెట్టె మీది బొమ్మనూ కాపాడుకున్నారు, దినుసులను రహస్యంగా ఉంచారు. బ్రిటన్‌లో 1783 నుంచి ఇలాంటి మందుల మీద పన్ను ఉండేది, కట్టినందుకు గుర్తుగా డబ్బా మీద సర్కారు స్టాంపు అంటించేవారు. షిల్లింగు ధర మందుకు పన్ను పెన్నీన్నర కాబట్టి డబ్బా ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీకి అమ్మేవారు. పన్ను రసీదు లాంటి ఆ స్టాంపునే అమ్మేవాళ్లు సర్కారు ఆమోదముద్రగా చూపించుకున్నారు. నీ కథలో కొడుకు ఆ స్టాంపు మీద వేలు పెట్టి తల్లికి చూపించాలి. వాడిలోని నమ్మకమంతా ఆ వేలితోనే తెలిసిపోతుంది, నువ్వు ఒక పేజీ నిండా రాసిన ఉపన్యాసం అక్కర్లేదు.

దినుసుల సంగతి ఎత్తాను కనుక బీచమ్స్ మాత్రల గురించి కూడా చెబుతాను. నాకు ఎంతో ఇష్టమైన వివరం ఇది. థామస్ బీచమ్ 1840లలో మొదలుపెట్టిన ఈ మాత్రలకు 'డబ్బా గినీ విలువ చేస్తుంది' అన్నది ప్రకటన. గినీ అంటే ఇరవై ఒక్క షిల్లింగులు. విక్టోరియా రాణి పోయిన ఎనిమిదేళ్లకు, 1909లో, బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ వీటిని పరీక్ష చేయించి ఫలితాలు అచ్చువేసింది. తేలినవి ముసాంబరం (ఎండబెట్టిన కలబంద రసం), సొంఠి, సబ్బు. డబ్బాలోని దినుసుల ఖరీదు అర ఫార్దింగు. డబ్బా అమ్మింది పైన చెప్పిన షిల్లింగు ఒకటిన్నర పెన్నీకే. షిల్లింగుకు పన్నెండు పెన్నీలు, పెన్నీకి నాలుగు ఫార్దింగులు, కాబట్టి అమ్మకపు ధర దినుసుల ధరకు సరిగ్గా నూట ఎనిమిది రెట్లు! అష్టోత్తరం పూర్తయిందన్నమాట. ముసాంబరం, సొంఠి మన పచారీ కొట్టులో దొరికే సరుకులే. బెణికిన కాలికి ముసాంబరం పట్టు వేయని ఇల్లు ఉండేది కాదు. అత్తగారు ఆ మాత్ర ఒకటి నలిపి వాసన చూసి, "ఇది ముసాంబరమే కదురా" అనడం నీ కథలో ఎంత బాగుంటుందో ఆలోచించు. ఒక్క షరతు, ఆ మాట ఆవిడ గెలిచినట్లుగా అనకూడదు. కొడుకు జీతంలోంచి ఎంత పోయిందో లెక్క వేసుకుంటూ అనాలి.

మరి రాజమహేంద్రవరంలో ఆ మాత్ర ఇంటి గుమ్మం దాకా ఎలా వచ్చింది? తపాలా వల్ల. సరుకు అందాక డబ్బు కట్టే వీపీ పద్ధతి మనదేశంలో 1877లో వచ్చింది. పత్రికలో ప్రకటన చూసి కార్డు ముక్క రాస్తే పార్సిలు ఊళ్లోకి దిగేది. ఆ ప్రకటనలను తప్పక చదువు. జబ్బు ఏమిటన్నది వాటిలో సరిగ్గా ఉండదు కాని, జనం దేనికి భయపడుతున్నారో, దేన్ని పైకి చెప్పుకోలేక సిగ్గుపడుతున్నారో అంతా ఉంటుంది. అయితే ప్రకటనలో చెప్పినదాన్ని వాడినవాళ్ల అనుభవంగా రాయకు. ఈ పొరపాటు పేరున్న రచయితలు కూడా చేస్తారు.

పెట్టెలోని వాటికి సరైన పేర్లు కావాలంటే 1869లో మద్రాసులో వచ్చిన మొహిద్దీన్ షరీఫ్ గ్రంథం వెతుకు. మన దినుసులకు తెలుగుతో సహా అనేక భాషల పేర్లను ఆయన పోగుచేశాడు. అంతకు కొద్ది ఏళ్ల ముందు తిరువాన్కూరులో వారింగ్ అనే దొర డాక్టరు బజారు మందుల మీద పుస్తకం రాశాడు. తెల్లవాళ్లంతా మన మందులను వెక్కిరించారన్న నీ ధోరణికి ఆ పుస్తకమే జవాబు.

రెండు చిన్న దిద్దుబాట్లు. నీ పాత్ర ఒకటి చలిజ్వరం దోమల వల్ల వచ్చిందంటుంది. రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897లో, నీ కథ నడిచిన పన్నెండేళ్లకు. ఇక రెండోది, అత్తగారు నుదుటికి అమృతాంజనం రాసుకుంటుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో దాన్ని మొదలుపెట్టింది 1893లో!

ఈ రెండో తప్పు దిద్దేసి ఊరుకోకు, దాని వెనుక పెద్ద కథ ఉంది. ఇంగ్లీషు మందుల వ్యాపారంలో పని నేర్చిన తెలుగువాడు, పేరు, సీసా, ప్రకటన అన్న ఆ విద్యనే పట్టుకుని సొంత మందు నిలబెట్టాడు. సంగీత కచేరీలలో ఉచితంగా పంచి అలవాటు చేశాడు. ఆ రాబడే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా నిలబెట్టింది. 1914లో మద్రాసులో దినపత్రికను చేసింది. స్త్రీల జబ్బులకు 'లోధ్ర' అమ్మిన కేసరిగారు 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టారు. ఇంగ్లండులోనూ మాత్రలమ్మిన హాలోవే సొమ్ముతో కట్టిన ఆడపిల్లల కాలేజీని విక్టోరియా రాణి 1886లో ప్రారంభించింది. నువ్వూ నేనూ రాసే ఈ తెలుగు వచనం కొంతవరకు తలనొప్పి మందు డబ్బుతో పెరిగింది. మందుల వ్యాపారిని వట్టి దొంగగా రాయబోయినప్పుడల్లా నా కలం కాస్త తడబడేది ఇందుకే.

కాబట్టి ఏదో ఒకటి తేల్చుకో. కథను 1885లోనే ఉంచితే అమృతాంజనం తీసేసి సొంఠిపట్టు వేయించు. లేదా కథను 1894కు జరుపు. అప్పుడు కొడుకు తెచ్చే సీసాలు రెండవుతాయి, ఒకటి లండన్‌ది, రెండోది మనవాడిది. అత్తగారు ఆ రెండింటిలో దేని మూత తీస్తుందో నాకు నిజంగా తెలియదు. తిరగరాశాక పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి