మిక్సీ బాగైందని సంతోషపడితే తప్పా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నాకు 57 ఏళ్లు. మావారు నిరుడు రిటైరయ్యారు. మా అత్తయ్య పక్షవాతంతో నాలుగేళ్లు మంచం మీదే ఉన్నారు. అన్నీ నేనే చూసుకున్నాను. ఆరు నెలల క్రితం పోయారు. ఇప్పుడు నా ఇబ్బంది చెబితే మీకు వింతగా ఉండొచ్చు. చిన్నచిన్న వాటికే నాకు చాలా సంతోషం కలుగుతోంది. మొన్న మిక్సీ ఆగిపోతే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. అక్కడి అబ్బాయి నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, లోపల స్విచ్ కాలిపోయిందని విప్పి చూపించి, కాసేపట్లో మార్చి ఇచ్చాడు. "బిల్లు జాగ్రత్తగా దాచారమ్మా, ఇంకా వారంటీ ఉంది, డబ్బులు అక్కర్లేదు" అన్నాడు. ఇంటికొచ్చి ఉత్సాహంగా చెబితే, మావారు పేపర్లోంచి తలెత్తకుండా "వాడి డ్యూటీ వాడు చేశాడు, అందులో గొప్పేముంది?" అన్నారు. మర్నాడు అదే మిక్సీలో మినుములు పట్టి సున్నుండలు చేశాను. సాయంత్రం మా పెద్ద ఆడపడుచు వచ్చి డబ్బా చూసి, "అమ్మ పోయి ఏడాదైనా కాలేదు, అప్పుడే పిండివంటలా?" అన్నారు. మిగిలినవన్నీ పనమ్మాయికి ఇచ్చేశాను. అప్పటి నుంచి కాస్త సంతోషం అనిపిస్తే చాలు, భయమేస్తోంది. నిజం చెప్పాలంటే అత్తయ్య పోయాక నాకు బరువు దిగినట్టుంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. నేను రాతి మనిషినా? హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయి పది రోజులు వచ్చి ఉండమంటోంది. "మరి నాకు వంటెవరు చేస్తారు?" అంటున్నారు ఈయన. వెళ్లమంటారా?

జవాబు: ముందు ఆ బరువు సంగతి మాట్లాడుకుందాం. దాన్ని మీరు ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నారు గానీ, మీ భయమంతా అక్కడే ఉంది.

పక్షవాతంతో మంచాన పడిన మనిషిని చూసుకోవడమంటే ఏమిటో చూసుకున్నవాళ్లకే తెలుసు. ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. అర్ధరాత్రయినా తిప్పాలి. పక్కబట్టలు మార్చాలి, జావ పొలమారకుండా తినిపించాలి, మాత్రలు వేళకు వేయాలి. ఇంట్లో ఏ పని చేస్తున్నా చెవి ఆ గదివైపే ఉంటుంది. ఎవరింట్లోనైనా పెళ్లికి వెళ్తే అక్షింతలు వేసి, నాలుగు మెతుకులు తిని పరుగెత్తుకుని వచ్చేయాలి. నాలుగేళ్లు అలా బతికాక ఒకరోజు పొద్దున లేచేసరికి ఆ పని లేకపోతే మనిషికి తేలిగ్గా అనిపిస్తుంది. ఏళ్ల తరబడి రోగిని చూసుకున్నవాళ్లలో ఇది చాలా మామూలు విషయం. పైకి చెప్పుకునేవాళ్లు తక్కువ కాబట్టి, ఎవరికి వాళ్లు తమకొక్కరికే ఇలా ఉందనుకుని లోలోపల కుమిలిపోతుంటారు. మీకు తీరింది చాకిరీ. అత్తయ్య లేని లోటు ఉండనే ఉంది. రెండూ ఒకే మనసులో ఉండగలవు, ఒకదానికొకటి అడ్డు రావు. రాతి మనుషులు నాలుగేళ్లు సేవ చేయరు. చేసినా, ఆ తర్వాత ఇలాంటి ఉత్తరం రాయరు.

ఇక చిన్నవాటికి సంతోషపడటం గురించి. నిద్ర అవసరమే లేనట్టు రోజుల తరబడి ఉరకలు వేయడం, చేతిలో డబ్బు లెక్క లేకుండా ఖర్చుపెట్టడం లాంటివి ఉంటే డాక్టర్‌కు చూపించుకోమని చెప్పేదాన్ని. మీ ఉత్తరంలో అవేవీ కనబడలేదు. కనబడిందల్లా ఒక మంచినీళ్ల గ్లాసు. నాలుగేళ్లు మీరు ఇంకొకరికి గుక్కగుక్కగా నీళ్లు పట్టారు. ఆ రోజు ముక్కూమొహం తెలియని ఒక అబ్బాయి మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి మీ చేతికి నీళ్లిచ్చాడు. "జాగ్రత్తగా దాచారమ్మా" అని మీ పనిని మెచ్చుకున్నాడు. ఇన్నేళ్లలో మిమ్మల్ని అలా ఎవరు మెచ్చుకున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎవరూ గుర్తుకు రాకపోతే, ఆ మాట అంత లోతుగా ఎందుకు తాకిందో మీకే అర్థమవుతుంది.

1970లలో అమెరికాలో పీటర్ లెవిన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త డిప్రెషన్ మీద పనిచేస్తూ, మనుషులకు ఆనందం కలిగించే 320 విషయాలతో ఒక జాబితాను తన సహచరుడితో కలిసి తయారుచేశారు. ఆ జాబితా నిండా మనం రోజూ చేయగలిగిన పనులే. నవ్వడం, సంగీతం వినడం, ఏదైనా ప్రత్యేకమైన వంట చేయడం లాంటివి. ఇలాంటివి రోజులోంచి తగ్గిపోతే మనసు కుంగుతుంది, కుంగిన మనసుకు వాటిని చేయబుద్ధి కాదు, దాంతో అవి ఇంకా తగ్గిపోతాయి అన్నది ఆయన వివరణ. అందుకే కుంగిపోయినవాళ్ల చేత ఇలాంటి పనులు మెల్లమెల్లగా మళ్లీ చేయించడం ఈనాటికీ ఒక ముఖ్యమైన చికిత్స. మీరు ఎవరూ చెప్పకుండానే ఆ దారిలో పడ్డారు. దయచేసి వెనక్కి తిరగకండి.

అయితే మీ బాధ మిక్సీ గురించీ కాదు, సున్నుండల గురించీ కాదని నాకనిపిస్తోంది. సంతోషం కలిగింది, ఇంటికి పట్టుకొచ్చి చెప్పారు, వినేవాళ్లు లేకపోయారు. ఇదే మిమ్మల్ని గాయపరిచింది. కష్టంలో తోడుండటం గురించి మనవాళ్లు చాలా చెబుతారు గానీ, సంతోషంలో తోడుండటం కూడా అంతే అవసరం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన షెల్లీ గేబుల్ అనే పరిశోధకురాలు 2000ల నుంచి దీని మీదే పనిచేశారు. ఒకరు శుభవార్త చెప్పినప్పుడు అవతలివాళ్లు స్పందించే తీరు నాలుగు రకాలని ఆమె గమనించారు. ఆసక్తిగా అడిగి తెలుసుకునేవాళ్లు కొందరు. "ఊఁ, మంచిదే" అని ఊరుకునేవాళ్లు కొందరు. విననట్టే మాట మార్చేసేవాళ్లు కొందరు. అందులో లోపం వెతికి తీసిపారేసేవాళ్లు ఇంకొందరు. ఆసక్తిగా అడిగే భాగస్వామి ఉన్న జంటల్లో అనుబంధం బలంగా ఉన్నట్టు ఆ పరిశోధనల్లో తేలింది. మీవారి మాట ఏ రకంలోకి వస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆయనకు కోపం ఉండి అన్నారని నేననుకోను. "వాడి డ్యూటీ వాడు చేశాడు" అన్నది పైకి న్యాయంగానే వినబడుతుంది. కానీ డ్యూటీ చేసేవాళ్లందరూ కస్టమర్‌ను కూర్చోబెట్టరు, కాలిన స్విచ్ విప్పి చూపించరు. వారంటీ సంగతి ఎత్తకుండా మూడొందలు తీసుకునేవాళ్లూ ఉంటారు. ఆ అబ్బాయి మర్యాదను మీరు గుర్తించడం మీ అమాయకత్వం కాదు. వీలైతే ఆ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, మేనేజర్‌తో ఆ అబ్బాయి పని బాగుందని చెప్పండి. కౌంటర్ల వెనక నిలబడేవాళ్లు పొద్దస్తమానం తిట్లు వింటారు. బాగా చేశారని చెప్పడానికి ఫోన్ చేసేవాళ్లు చాలా అరుదు.

మీవారితో మాత్రం ఇది గొప్ప విషయమా కాదా అని వాదనకు దిగకండి, ఆ వాదనలో ఎవరూ గెలవరు. పేపర్ చదువుతున్నప్పుడు, వార్తలు వస్తున్నప్పుడు కాకుండా ఆయన కాస్త తీరిగ్గా ఉన్న వేళ చూసుకుని, నిష్ఠూరం లేకుండా అడగండి. "ఏవండీ, మొన్న మిక్సీ సంగతి చెప్పినప్పుడు అది పెద్ద విశేషమని చెప్పలేదు. సంతోషంగా అనిపించి మీతో చెప్పుకోవాలనుకున్నాను. మీరలా అనేసరికి మనసు చివుక్కుమంది. ఈసారి ఏదైనా చెబితే కాస్త వినండి, చాలు." ఇంతే. ఇంతకంటే పొడిగిస్తే పాత లెక్కలన్నీ పైకొస్తాయి.

ఆయన గురించి ఇంకో మాట. ఏడాది తిరగకుండా ఉద్యోగం అయిపోయింది, తల్లి పోయింది. మగవాళ్లు, ముఖ్యంగా ఆ వయసువాళ్లు, దుఃఖాన్ని ఏడ్చి చెప్పడం మన ఇళ్లలో తక్కువ. అది చిరాకుగానో, దేనిమీదా ఆసక్తి లేకపోవడంగానో బయటపడుతుంది. గమనించండి. ఇష్టమైన కూర వండినా ఒకలాగే తింటున్నారా? స్నేహితుల దగ్గరకు వెళ్లడం మానేశారా? తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి కూర్చుంటున్నారా? రెండు వారాలకు మించి, రోజులో ఎక్కువ భాగం ఇలాగే ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. సైకియాట్రిస్ట్‌ను కలవడం మంచిది. ముందు ఎవరితోనైనా మాట్లాడి చూడాలనుకుంటే, 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416 ఉంది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఆయన కోసం మీరు చేసి అడిగినా సలహా ఇస్తారు. మీకు మీ గురించే మాట్లాడాలనిపించినా అదే నంబర్.

డిప్రెషన్ దాకా రాలేదనిపిస్తే, ఆయనకు మాటలకంటే తోడుగా చేసే పనులు నయం. సాయంత్రం గోదావరి గట్టుకు వెళదామనండి. మీ ఊరి రోజ్ మిల్క్ తాగి ఎన్నాళ్లైందో! అక్కడ కూర్చున్నప్పుడు మీ కబుర్లు చెప్పడంతో పాటు ఆయన్నీ ఒకటి అడగండి. చిన్నప్పుడు వాళ్లమ్మ ఏం చేసి పెట్టేవారని అడగండి. తల్లి గురించి మాట్లాడటానికి ఆయనకు ఇప్పటిదాకా ఎవరూ అవకాశం ఇచ్చి ఉండరు. మంచాన పడ్డ నాలుగేళ్లే అందరికీ గుర్తుండిపోయాయి, అంతకుముందున్న మనిషి వెనక్కి వెళ్లిపోయింది.

ఇక మీ ఆడపడుచు. ఏటి సూతకంలో పండగలు, శుభకార్యాలు చేసుకోకపోవడం చాలా ఇళ్లలో ఉన్న ఆచారమే. దాన్ని తేలిగ్గా తీసుకోమని నేను చెప్పను. మీ ఇంటి పద్ధతి మీరు పాటించండి. కానీ ఆ ఆచారం మనిషి నోరు కట్టేయడానికి పుట్టిందని నేను నమ్మను. మన దగ్గర చాలామంది పెద్దకర్మ భోజనంలోనే బూరెలో లడ్డూలో వడ్డిస్తారు. సంక్రాంతికి అరిసెలు వండుకోకూడని ఇంటికి చుట్టాలు, ఇరుగుపొరుగువాళ్లు అరిసెలు తెచ్చి ఇస్తారు. దుఃఖంలో ఉన్నవాళ్లు తీపి ముట్టకూడదని అనుకుంటే ఇవన్నీ ఎందుకుంటాయి? పండగా పబ్బం లేకుండా, మీకోసం చేసుకున్న పావుకిలో సున్నుండలు ఉత్సవం కిందకు రావు.

అయినా ఆవిడ మాటలో ఆచారం కంటే దుఃఖమే ఎక్కువ వినబడుతోంది. తల్లి మంచాన ఉన్నన్నాళ్లూ దగ్గర ఉండి చేయలేకపోయానన్న బాధ కూడా ఉండొచ్చు. అలాంటి బాధ ఉన్నవాళ్లకు, చేసినవాళ్లు నవ్వుతూ కనిపిస్తే కష్టంగా ఉంటుంది. మీరు ఆవిడకు సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఈసారి వచ్చినప్పుడు, "వదినా, అత్తయ్య సున్నుండలకు పొట్టు మినుములు వేయించేటప్పుడు కాసిని బియ్యం కూడా వేసేవారా? బెల్లమా, పంచదారా?" అని అడిగి చూడండి. మీకు తెలిసినా అడగండి. సన్నటి సెగ మీద ఎంతసేపు వేయించాలో, నెయ్యి ఎంత వెచ్చగా ఉన్నప్పుడు కలిపి ఉండ కట్టాలో ఆవిడకు అమ్మ చేతి పని గుర్తుంటుంది. చెబుతూ ఏడిస్తే ఏడవనివ్వండి. అప్పటికీ ముభావంగా ఉంటే అక్కడితో వదిలేయండి. ఆవిడను మెప్పించడం మీ బాధ్యత కాదు.

చేసినవన్నీ పనమ్మాయికి ఇచ్చేశానన్నారు. ఆ పిల్ల తినడం మంచిదే, కానీ మీరు ఇచ్చింది ప్రేమతో కాదు, తప్పు చేశానన్న భయంతో. మళ్లీ చేయండి. డబ్బా అటక మీద దాచకండి, వంటగదిలో అందరికీ కనబడేచోట పెట్టండి. పనమ్మాయికి కూడా మీ చేత్తో రెండివ్వండి.

హైదరాబాద్‌కు తప్పకుండా వెళ్లండి. నాలుగేళ్లుగా మీరు ఇల్లు కదల్లేదు, అమ్మాయి పిలుస్తోంది, పది రోజులు మీ హక్కు. మీవారి వంట సమస్య నిజమైన సమస్యే, దానికి తేలికైన దారులున్నాయి. వెళ్లే ముందు నాలుగు రోజులు ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అన్నం ఆయన చేతే పెట్టించండి. నీళ్ల కొలత చెప్పి మీరు వంటగదిలోంచి బయటకు వచ్చేయండి. పచ్చడి, కందిపొడి సీసాల్లో పెట్టి చూపించండి. కూర, పప్పు, సాంబారు మీ ఊళ్లో ఏ వీధి కర్రీ పాయింట్‌లోనైనా దొరుకుతాయి. టిఫిన్ ఎలాగూ సమస్య కాదు. లేదా ఆయన్నూ రమ్మనండి. రానంటే బతిమాలకండి, మీ ప్రయాణం మాత్రం ఆపకండి. గౌతమి ఎక్స్‌ప్రెస్ రాత్రి బండి, లింగంపల్లి దాకా వెళుతుంది. మీ అమ్మాయి ఇల్లు ఎటువైపో చూసుకుని సికింద్రాబాద్‌లో దిగాలో లింగంపల్లిలో దిగాలో తననే అడగండి. లోయర్ బెర్త్ దొరికేలా టికెట్ ముందే తీయించుకోండి.