నాలుకతో టక్కుమంటే గోడ తెలుస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. పుట్టుకతోనే చూపు లేదు. నడిచేటప్పుడు నాలుకతో టక్ టక్‌మనిపిస్తాడు, గోడ దగ్గరికి రాగానే తాకకుండానే ఆగిపోతాడు. పాడు అలవాటని ఇంట్లో పెద్దోళ్లు తిడుతున్నారు. మాన్పించాలా? గబ్బిలాలు కూడా ఇట్లే చేస్తాయంట, నిజమేనా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: మాన్పించకండమ్మా. బాబు దారి చూసుకునే పద్ధతే అది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మీటరు దూరంలో గోడ ఉంటే ప్రతిధ్వని 6 మిల్లీసెకన్లలో చెవికి చేరుతుంది. అంత త్వరగా వచ్చింది విడిగా వినబడదు, టక్కుమన్న చప్పుడే కాస్త మారినట్టు ఉంటుంది. బాబు పట్టుకుంటున్నది ఆ మార్పునే.

గబ్బిలాల మాట నిజమే, అన్నీ కాదు. చెట్లకు వేలాడే పెద్ద పండ్ల గబ్బిలాలు కళ్లనే నమ్ముకుంటాయి. పురుగులు తినే చిన్నవి మన చెవికందని కూత వేస్తాయి. 50 వేల హెర్ట్జ్ (సెకనుకు 50 వేల కంపనాలు) కూతకు తరంగం పొడవు 7 మిల్లీమీటర్లే. తరంగం ఎంత పొట్టిదైతే అంత చిన్న వస్తువు నుంచీ ప్రతిధ్వని వస్తుంది, అందుకే దోమ కూడా దొరుకుతుంది. మన నాలుక చప్పుడు 2 నుంచి 4 వేల హెర్ట్జ్, తరంగం 8 నుంచి 17 సెంటీమీటర్లు. గోడ, తలుపు, ఆగిన ఆటో తెలుస్తాయి. దండెం తీగ తెలియదు.

రోజూ పావుగంట సాధన చేయించండి. నాలుక కొనను పైపళ్ల వెనక అంగిలికి ఆనించి గట్టిగా లాగి వదలాలి. ఒక్కటే చప్పుడు, పొట్టిగా రావాలి. గబగబా కొట్టొద్దు, ఒకటి విన్నాకే ఇంకొకటి. ముఖానికి మూరెడు దూరంలో పెద్ద స్టీలు తాంబాళం నిలువుగా పట్టుకుని, ఉందో లేదో అడగండి. అది వాలితే చప్పుడు పక్కకు పోతుంది. మీ గాజులు పైకి జరుపుకోండి, లేకపోతే వాటి గలగలను బట్టే చెప్పేస్తాడు! ఉందో లేదో తేలాక కుడా ఎడమా, ఆ తర్వాత దూరమా దగ్గరా, చివరికి గోడవైపు నడక. కడప బండలు పరిచిన చిన్న గదిలో చప్పుడు నలుదిక్కులా మోగుతుంది, వరండాలో మొదలుపెట్టండి. ఫ్యాను ఆపేయండి. చెవులు కప్పే టోపీ వద్దు.

2021లో వెలువడిన బ్రిటన్‌లోని డరహాం యూనివర్సిటీ అధ్యయనంలో 21 నుంచి 79 ఏళ్లవాళ్లు పది వారాల శిక్షణతో ఈ పద్ధతి నేర్చుకున్నారు. మీ బాబు సొంతంగానే సగం దూరం వచ్చేశాడు.

తెల్లకర్ర మాత్రం వదలకూడదు. గుంత, మెట్టు, మూతలేని కాలువ చప్పుడుకు అందవు. చెవిలో చీము గానీ గులిమి గానీ ఉంటే ముందు చెవి డాక్టరుకు చూపించండి, ఒక చెవి మందగించినా కుడి ఎడమల తేడా తెలియదు.