ఎక్కే రోబోకు చేయి చాపే ఏర్పాటు: కొక్కెం వేయడం వేరు, బరువు లాగడం వేరు

మీ రోబో బరువు 3 కిలోలనీ, ఆట మొదట్లో అది 30 సెంటీమీటర్ల ఘనంలో ఇమిడి ఉండాలనీ, ఆ తరువాత 70 సెంటీమీటర్ల ఎత్తులోని కడ్డీని పట్టుకుని నేల విడవాలనీ, చేయి ఎత్తిన సర్వోతోనే (చెప్పిన కోణానికి తిరిగి అక్కడ నిలిచే చిన్న మోటారు) రోబోను పైకి లాగబోతే అది కాలిపోయిందనీ రాశారు. అనంతపురంలో ఒక పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పనిచేస్తూ మూడేళ్లు విద్యార్థులతో ఇలాంటి పోటీ రోబోలు కట్టించినవాణ్ని. మా తప్పులతో సహా చెబుతాను.

తప్పు సర్వోది కాదు, దానికి అప్పగించిన పనిది. 40 సెంటీమీటర్ల చేయి అడ్డంగా ఉన్నప్పుడు దాని కొసన 3 కిలోలు వేలాడితే మొదట్లో 120 కిలో-సెంటీమీటర్ల టార్క్ (తిప్పే బలం, అంటే బరువును చేయి పొడవుతో గుణిస్తే వచ్చేది) పడుతుంది. అందరూ వాడే ఎంజీ996ఆర్ సర్వో 6 వోల్టుల దగ్గర, కదలలేక ఆగిపోయే స్థితిలో, ఇవ్వగలిగేది సుమారు 11 మాత్రమే. అందుకే చేతికి కొక్కెం మోసుకెళ్లి కడ్డీకి తగిలించే పని తప్ప ఇంకేమీ ఇవ్వకండి. కొక్కెం చేతి కొసన ఒక గాడిలో వదులుగా కూర్చోవాలి, కొక్కేనికి కట్టిన తాడు కింద వేరే మోటారు తిప్పే కండెకు చేరాలి. తాడు బిగిసిన మరుక్షణం కొక్కెం గాడిలోంచి ఊడి కడ్డీకి వేలాడితే, చేయి ఎటు వాలిపోయినా మనకు పట్టింపు లేదు.

లాగే పని లెక్కకు సులువు. 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న కండె మీద 3 కిలోల బరువుకు 3 కిలో-సెంటీమీటర్లు చాలు. కానీ రాపిడి ఉంటుంది, తాడు పొరలు పొరలుగా చుట్టుకుని కండె లావెక్కుతుంది, బ్యాటరీ నీరసిస్తుంది కనుక మూడింతలు ఇవ్వగల గేరు మోటారు తీసుకోండి. నిమిషానికి 60 చుట్లు తిరిగితే సెకనుకు 6 సెంటీమీటర్ల పైచిలుకు లేస్తుంది. వేగాన్ని బాగా తగ్గించే వార్మ్ గేరు (మరలాంటి ఇరుసు పళ్లచక్రాన్ని తిప్పే ఏర్పాటు) మోటారైతే, ఆట ముగిసి కరెంటు తీసేశాక కూడా రోబో జారకుండా వేలాడుతూనే ఉంటుంది. తాడుగా మేము మొదట సైకిల్ బ్రేకు తీగ వాడాము. అంత చిన్న కండెకు అది చుట్టుకోక, వదిలితే స్ప్రింగులా విచ్చుకునేది. తరువాత జడలాగా అల్లిన గాలం దారం వేస్తే ఆ బాధ తీరింది.

ఇక చేయి. 25 సెంటీమీటర్ల అల్యూమినియం పట్టీలు రెండింటిని మడతబందుతో కలిపి రోబో పైభాగాన అమర్చాము. తెరవడానికి మోటారు లేదు, పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసి కట్టిన పట్టీలే లాగేవి. మడిచిన చేతిని సమయం వచ్చేదాకా పట్టి ఉంచే గడియ దగ్గరే అసలు చిక్కంతా వచ్చింది. రబ్బరు పట్టీల లాగుడు సుమారు 4 కిలోలు. అంత బిగువులో ఉన్న గడియ ఇనుప సీలను చిన్న ఎస్‌జీ90 సర్వోతో నేరుగా పీకాలని చూశాము. రాపిడి గుణకం 0.3 అనుకున్నా 1.2 కిలోల ప్రతిఘటన, సర్వో ఇరుసుకు తగిలించే ఒకటిన్నర సెంటీమీటర్ల కొమ్ము మీద 1.8 కిలో-సెంటీమీటర్లు. ఆ సర్వో మొత్తం సత్తువ అంతే. బల్ల మీద పదిసార్లలో ఏడుసార్లు ఊడేది, ఆట స్థలంలో గీమంటూ అరిచి ఊరుకునేది.

దారి చూపింది పాతూరులో కొన్న చెక్క ఎలుకల బోను. అంత బలంగా మూసుకునే తలుపును అందులో ఒక సన్నటి తీగ ఆపుతుంది, వడ ముక్కను ఎలుక ముట్టుకుంటే చాలు, వదిలేస్తుంది. బిగువునంతా భరించేది మీట పొట్టి కొస, మనం తాకేది పొడుగు కొస. మేమూ ఒకటికి ఎనిమిది నిష్పత్తిలో మీట పెట్టాము. సీల మీద పడేది అరకిలోకి తగ్గింది, సర్వోకు పని 0.23 కిలో-సెంటీమీటర్లకు దిగింది. ఆ తరువాత గడియ మొరాయించలేదు.

మొరాయించలేదు గానీ ఒకసారి దానంతటదే తెరుచుకుంది. ఏప్రిల్ నెలలో, రబ్బరు పట్టీలు బిగించిన రోబోను కారు వెనక సీట్లో పెట్టి, ఎండలో ఆపి భోజనానికి వెళ్లాము. గడియను పీఎల్ఏ ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింటరులో ముద్రించాము. 60 డిగ్రీల దగ్గర మెత్తబడే పదార్థమది, అద్దాలు మూసిన కారు మన ఎండలకు అంత వేడెక్కడం పెద్ద విషయం కాదు. తిరిగి వచ్చేసరికి గడియ పన్ను వంగి ఉంది, చేయి సీటు కవరులో దిగబడి ఉంది. అప్పటి నుంచి గడియను అల్యూమినియంతో చేయడం, రబ్బరు పట్టీలను ఆట స్థలంలోనే తగిలించడం అలవాటు చేసుకున్నాము.

తాడు వదులును మాత్రం తేలికగా తీసుకోకండి. చేయి తెరుచుకునే క్షణంలో అర మీటరు తాడు ఒక్కసారిగా బయటికి రావాలి, వార్మ్ గేరు కండె దాన్ని వదలదు. అందుకని చేయి చేరే దూరానికి సరిపడా తాడును ముందే బయటికి తీసి, అటూ ఇటూ మడతలు వేసి, ఒక చిన్న గుడ్డ సంచిలో పెట్టండి. మేము దాన్ని ఊరికే వదిలేస్తే చక్రంలో చుట్టుకుంది. తాడు రోబో గరిమనాభికి సరిగ్గా పైనుంచి బయటికి రావాలన్నది కూడా గుర్తుంచుకోండి, లేకపోతే లేవగానే ఒక పక్కకు ఒరుగుతుంది.

మడతబందు మీకు నచ్చకపోతే కొలత టేపులోని ఉక్కు పట్టీ కూడా పనికొస్తుంది. 10 సెంటీమీటర్ల ఘనంలా ఉండే చిన్న క్యూబ్‌శాట్ ఉపగ్రహాల్లో ఏంటెనాలను తరచుగా దానితోనే చేస్తారు, చుట్టి నైలాన్ దారంతో కట్టి, కక్ష్యలో ఆ దారాన్ని వేడితో తెంచుతారు. పోటీలో దారం తెంచడం నాకు ఇష్టం లేదు, ఆటకూ ఆటకూ మధ్య మళ్లీ కట్టుకునే తీరిక దొరకదు.

మీ కడ్డీ మందం రాయలేదు. కొక్కెం నోరు దానికి కనీసం రెండింతలు ఉండాలి, ఎందుకంటే రబ్బరుతో తెరుచుకున్న చేయి విసురుగా వెళ్లి ఒకసారి ఎగిరిపడుతుంది. ఆ మందమూ, కడ్డీ గుండ్రనిదా పలకలదా అన్నదీ చెబితే కొక్కెం వంపు గీసి పంపగలను.