పంటి చీముకు ప్రతిసారీ మాత్రలేనా? ఒకసారి లెక్క చూడండి

ప్రశ్న: జీడిమెట్లలో ప్రైవేటు కంపెనీలో పనిచేస్తాను. జీతం రూ.19,000. కింది దవడ పన్ను ఏడాదిలో నాలుగుసార్లు చీముపట్టి వాచింది. వాచినప్పుడల్లా ఫీజు, మాత్రలకు రూ.700, పైగా రెండు రోజుల జీతం కోత. రూట్ కెనాల్ (పంటి లోపల చచ్చిన నరం తీసి శుభ్రం చేసి పూడ్చడం), దానిపై క్యాప్ (తొడుగు) కలిపి రూ.9,500 అన్నారు. రూ.60,000 ఎఫ్‌డీ ఉంది, కదపాలని లేదు. ఉగాదికి చిట్టీ పాడాక చేయించుకోనా? పీకించేస్తే చవకే కదా?

జవాబు: చిట్టీ దాకా ఆగొద్దండి. మాత్రలతో వాపు తీస్తుంది గానీ జబ్బు పోదు. పంటి లోపల నరం చచ్చిపోయాక అక్కడికి రక్తం అందదు, మందూ చేరదు. అందుకే కొన్నాళ్లకు మళ్లీ చీము.

నెలకు 26 పనిదినాల చొప్పున మీ జీతం రోజుకు దాదాపు రూ.730. రెండు రోజుల కోత, మందులు కలిపి వాచినప్పుడల్లా రూ.2,160. నాలుగుసార్లకు రూ.8,640. రూట్ కెనాల్‌కు అయ్యేంత దాదాపు పోనే పోయింది, పన్ను మాత్రం బాగుపడలేదు.

ఎఫ్‌డీ జోలికి వెళ్లేముందు జీతం స్లిప్ తీయండి. ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కింద రూ.143 కోత కనిపిస్తోందా? రూ.21,000 లోపు జీతగాళ్ల దగ్గర 0.75 శాతం పట్టుకుని, కంపెనీ మరో 3.25 శాతం కడుతుంది. ఆ కార్డు మీద పంటి వైద్యమూ చేస్తారు. నెలనెలా డబ్బు కట్టి కూడా జ్వరానికి తప్ప ఆ కార్డు బయటకు తీయనివాళ్లను చూస్తే బాధేస్తుంది. మీ డిస్పెన్సరీకి వెళ్లి పెద్దాస్పత్రికి రాయమనండి, క్యాప్ సంగతీ అక్కడే అడగండి. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల కూడా ఉంది. ఖర్చు తక్కువే గానీ చాలాసార్లు తిరగాల్సి రావచ్చు. పోయే రోజుకూలీని కూడా లెక్కలో వేసుకోండి.

ఇవి కుదరకపోతే ఎఫ్‌డీ తీయండి. ఇలాంటి అవసరానికే కదా దాచుకున్నది! ముందే తీస్తే మామూలుగా వడ్డీలో అర నుంచి ఒక శాతం తగ్గిస్తారు. ఏడాది డిపాజిట్ అయినా ఆ కోత రూ.600 దాటదు. క్రెడిట్ కార్డు మీద మాత్రం పెట్టకండి, బాకీ మిగిలితే నెలకే మూడు శాతం పైన పడుతుంది. దీనికోసం ఇప్పుడు హెల్త్ పాలసీ కొనడమూ దండగే. ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప మామూలు పాలసీలు పంటి వైద్యానికి ఇవ్వవు.

పీకించడం జ్ఞానదంతమైతే సరే. నమిలే పన్ను తీసేస్తే పక్కవి ఒరుగుతాయి, తర్వాత ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) అంటే ఇప్పటి ఖర్చుకు రెండు మూడు రెట్లు. పన్ను నిలబడుతుందా అని ఎక్స్‌రే చూపించి డాక్టర్నే అడగండి. రూట్ కెనాల్ చేయించి డబ్బు సరిపోలేదని క్యాప్ వాయిదా వేయకండి, పన్ను విరిగితే పెట్టిందంతా వృథా. వెనక పంటికి మెటల్ క్యాప్ చవక, గట్టిది కూడా.

ఈలోపు వాపు మెడకు దిగినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం, ఊపిరి కష్టమైనా డబ్బు సంగతి పక్కనపెట్టి ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి.