కాపురమున్న పడవను అమ్మాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది 1979లో సింగపూర్‌లో తయారైన గ్రాండ్ బ్యాంక్స్ 42 ట్రాలర్ (నిదానంగా వెళ్లే, గదులున్న మోటారు పడవ). రెండు ఫోర్డ్ లేమన్ 120 డీజిల్ ఇంజిన్లు. సియాటిల్ మరీనాలో ఆ పడవలోనే నేనూ మావారూ కాపురం ఉంటున్నాం. ఇప్పుడు బెల్‌వ్యూలో ఇల్లు తీసుకున్నాం కాబట్టి పడవ అమ్మేయాలి. బ్రోకరేమో ఉన్నదున్నట్టు పెట్టేద్దాం, సర్వేలో ఏవి బయటపడితే అవి అప్పుడు చూద్దాం అంటున్నాడు. తెలిసినవాళ్లు ముందే అన్నీ బాగుచేయించమంటున్నారు. ఎవరి మాట వినాలి? డబ్బు ఎక్కడ పెట్టాలి?
– పాఠకురాలు, సియాటిల్

జవాబు: అన్నీ బాగుచేయించొద్దు, అలాగని ఏమీ ముట్టుకోకుండానూ పెట్టొద్దు. పాత ట్రాలర్ అసలు ధర తేలేది ప్రకటన ఇచ్చినప్పుడు కాదు, సర్వే అయిన రోజు సాయంత్రం. కొనేవారు మామూలుగా ఒప్పుకున్న ధరలో 10 శాతం బ్రోకర్ ట్రస్టు ఖాతాలో జమచేస్తారు. తర్వాత సర్వేయర్‌ని (పడవను తనిఖీ చేసి రిపోర్టు రాసే నిపుణుడు) పెట్టుకుని, పడవను నీళ్లలోంచి పైకెత్తించి (హాల్-అవుట్), సీ ట్రయల్ (నీళ్లలో నడిపి చూడడం) చేసి, గడువులోగా రాతపూర్వకంగా అంగీకారం తెలపాలి. అప్పటిదాకా డిపాజిట్ వెనక్కి తీసుకుని వెళ్లిపోయే హక్కు వారికుంటుంది. సర్వే, హాల్-అవుట్ ఖర్చు వారిదే. 42 అడుగుల పడవకి అది వెయ్యి డాలర్లు సులభంగా దాటుతుంది. అంత పెట్టాక ఊరికే వెళ్లిపోరు, సర్వేయర్ జాబితా పట్టుకుని బేరానికొస్తారు. మీ చేత్తో 40 డాలర్లలో అయిపోయే పనికి యార్డు రేటు కట్టి వందల్లో తగ్గించమంటారు. అందుకని సర్వేయర్ కచ్చితంగా రాసే చిన్న పనులన్నీ ముందే పూర్తిచేయండి. పెద్దవాటిని దాచకుండా చెప్పి, ధరలో ముందే కలిపి లెక్కేయండి.

చిన్నవాటిలో మొదట చూడాల్సింది షోర్ పవర్ (డాకు నుంచి పడవకి వచ్చే కరెంటు) ప్లగ్గు. కాపురముండే పడవల్లో చలికాలమంతా కరెంటు హీటర్లు నడుస్తాయి. 1,500 వాట్ల హీటర్లు రెండు పెడితే 120 వోల్టుల మీద 25 ఆంపియర్లు లాగుతాయి. 30 ఆంపియర్ల తీగ మీద గంటల తరబడి అంత లోడు ఉంచకూడదు, 24 దాటకుండా చూసుకోవాలి. పైగా ప్లగ్గులో పిన్ను కాస్త వదులైనా, ఉప్పుగాలికి చిలుం పట్టినా అక్కడే వేడి పుడుతుంది. డాకు మీద బ్రేకర్ ఆపి, పసుపుపచ్చ తీగను పడవ వైపు నుంచి తిప్పి బయటికి లాగండి. మూడు పిన్నుల్లో ఒకదాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, కొద్దిగా కరిగి ఉంటే తీగ చివర, పడవ గోడలోని ఇన్‌లెట్ రెండూ మార్చాలి. ఒక్కటే మారిస్తే పాతది కొత్తదాన్నీ కాలుస్తుంది. ఇన్‌లెట్ వెనక ప్యానెల్ విప్పి లోపలి తీగలూ చూడండి, స్క్రూల కింద కాలిన గుర్తులు ఉంటే ఆ మేరకు కత్తిరించి కొత్త టెర్మినల్ వేయించాలి. పడవల్లో మంటలు లేచే చోట్లలో ఇదొకటి. అమ్మినా అమ్మకపోయినా ఈ వారమే చూడండి.

తర్వాత సీకాకులు. పడవ అడుగున నీరు లోపలికి తీసుకునే వాల్వులన్నీ చేత్తో పూర్తిగా మూసి తెరవండి. బిగుసుకున్నదాన్ని గట్టిగా కొడితే విరిగి పడవ మునిగే ప్రమాదముంది కాబట్టి, అలాంటివి పడవ ఒడ్డుమీద ఉన్నప్పుడే విప్పించాలి. గ్యాస్ పొయ్యి ఉంటే లీకు పరీక్ష చేయండి: బాటిల్ వాల్వు, సోలెనాయిడ్ (గ్యాసును ఆపే కరెంటు వాల్వు) తెరిచి, పొయ్యి ఆపి ఉంచి గేజి చూసుకోండి. ఆపైన బాటిల్ మూసేసి 3 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. ముల్లు కొంచెం దిగినా ఎక్కడో కారుతోందని అర్థం. అగ్నిమాపక సిలిండర్ల తయారీ తేదీ కూడా చూడండి. 2022 ఏప్రిల్ నుంచి తిరిగి నింపే వీల్లేని రకానికి తయారీ నుంచి 12 ఏళ్లే ఆయుష్షు. ముల్లు పచ్చగీత మీద ఉన్నా గడువు దాటితే లెక్కలోకి రాదు. 2018 మే నుంచి ప్యూజెట్ సౌండ్‌లో శుద్ధిచేసినదైనా సరే మురుగునీరు వదలకూడదు. కాబట్టి టాయిలెట్ వై-వాల్వు (మురుగు ఎటు పోవాలో మార్చేది) హోల్డింగ్ ట్యాంకు (మురుగు నిలవుంచే తొట్టి) వైపు తిప్పి, అక్కడే తాళం లేదా జిప్ టై వేసి ఉంచండి. సర్వేయర్ మొదట చూసేవాటిలో అదొకటి.

ఇంజిన్ల దగ్గర నిదానించాలి, ఎందుకంటే మీ పడవ విలువలో సగం అక్కడే ఉంది. లేమన్ 120 మొండి ఇంజిన్. ఎన్ని గంటలు తిరిగిందన్నది కాక, ఎలా చూసుకున్నారన్నదే లెక్క. నిజానికి మరీనాలో కట్టేసి కదలని ఇంజిన్ మీదే కొనేవారికి అనుమానం ఎక్కువ. దీని ఇంజెక్షన్ పంపుకి ఇంజిన్‌తో సంబంధంలేని సొంత నూనె గది ఉంటుంది. ప్రతి 50 గంటలకీ అందులో నూనె మార్చాలి. చాలామందికి ఈ సంగతే తెలియదు. పంపులోపలి నుంచి డీజిల్ కారి ఆ నూనెలో కలుస్తుంది, నూనె పల్చబడితే పంపు అరిగిపోతుంది. మట్టం ఉండాల్సినదాని కంటే పైకి వచ్చిందంటే డీజిల్ చేరిందన్నమాట. మీ లాగ్‌బుక్‌లో ఈ మార్పిడి తేదీలు, గంటలు ఉంటే ఆ ఒక్క పేజీ తెలిసిన కొనుగోలుదారుని సగం ఒప్పించేస్తుంది.

గేర్‌బాక్సుల ఆయిల్ కూలర్లు ఎప్పుడు మార్చారో గుర్తుచేసుకోండి. వాటిలో ఒకవైపు సముద్రపు నీరు, మరోవైపు గేర్ నూనె పారుతుంది. లోపలి గొట్టం తుప్పుపట్టి చిల్లుపడితే ఉప్పునీరు గేర్‌బాక్సులోకి వెళ్లి, నూనె పాలలా తెల్లబడి, మొత్తం పాడవుతుంది. కూలర్ ఖరీదు గేర్‌బాక్సు ముందు ఎంతో తక్కువ. వయసు తెలియకపోతే రెండూ మార్చేసి రసీదు ఫైల్లో పెట్టండి. ఎగ్జాస్ట్ ఎల్బోల (ఇంజిన్ పొగ బయటికి పోయే వంపు గొట్టాలు) బయట తుప్పు చారలు, ఉప్పు పొరలు కనబడితే అవీ మార్చాల్సినవే.

సీ ట్రయల్లో సర్వేయర్ ఇంజిన్‌ని పూర్తి వేగానికి తీసుకెళ్తాడు. మీ ఇంజిన్లు నిమిషానికి 2,500 తిరుగుళ్ల దాకా వెళ్లాలి, వెళ్లి వేడెక్కకుండా నిలవాలి. చాలాకాలం కదలని పడవకి అడుగునా ప్రొపెల్లర్‌కీ నాచు, నత్తగుల్లలు పట్టి 2,100 దగ్గరే ఆగిపోయి నల్లపొగ వదులుతుంది. అది ఇంజిన్ జబ్బు కాదు, అయినా రిపోర్టులో ఇంజిన్ పేరు మీదే పడుతుంది. వారం ముందు డైవర్‌ని పిలిచి అడుగు, ప్రొపెల్లర్లు గీకించండి. రా-వాటర్ పంపుల (ఇంజిన్ చల్లబరచడానికి సముద్రపు నీరు తోడేవి) ఇంపెల్లర్లు, అంటే లోపల తిరిగే రబ్బరు రెక్కల చక్రాలు, మార్చండి. పాత ఇంపెల్లర్ రెక్కలు విరిగి ఉంటే ఆ ముక్కలు హీట్ ఎక్స్చేంజర్ నోట్లో ఇరుక్కుని ఉంటాయి, తీయించాలి. ఆ రోజు పొద్దున్న మాత్రం ఇంజిన్ ముందుగా వేడిచేయకండి. చల్లటి ఇంజిన్ ఎలా రాజుకుంటుందో చూడ్డానికే సర్వేయర్ వస్తాడు, చేతికి వెచ్చగా తగిలిందా, ఏదో దాస్తున్నారనుకుంటాడు. అలాగే సర్వేకి రెండు రోజుల ముందు నూనె మార్చకండి, కొత్త నూనె శాంపిల్ ల్యాబులో ఏమీ చెప్పదు. ఇంజిన్లకి కొత్త రంగూ వేయించొద్దు. శుభ్రంగా తుడిచిన పాత రంగే నమ్మకం కలిగిస్తుంది. ట్రయల్లో స్టీరింగ్ మీ చేతిలోనో మీ బ్రోకర్ చేతిలోనో ఉండాలి, ఎందుకంటే బీమా మీ పేరున ఉంది.

ఇక టేకు డెక్కు, డీజిల్ ట్యాంకులు. ఈ వయసు గ్రాండ్ బ్యాంక్స్‌లో పెద్ద బేరమంతా ఈ రెంటి మీదే జరుగుతుంది. టేకు పలకల్ని పట్టి ఉంచే స్క్రూలు వేలల్లో ఉంటాయి. పైన బిగించిన చెక్క బిళ్ల ఊడినచోటల్లా స్క్రూ వెంట నీరు దిగి, ఫైబర్‌గ్లాస్ పొరల మధ్యనున్న చెక్కను తడిపేస్తుంది. సర్వేయర్ ప్లాస్టిక్ సుత్తితో కొట్టుకుంటూ పోతాడు: గట్టిచోట ఖంగుమంటుంది, కుళ్లినచోట మొద్దుగా పలుకుతుంది. ఆ కారిన నీరే కిందున్న ఇనుప ట్యాంకుల పైకప్పు మీద నిలిచి, పైనుంచి తినేస్తుంది. మీరు చేయగలిగింది: ఊడిన బిళ్లలు పెట్టించడం, సందుల్లో సీలెంట్ వేయించడం, డీజిల్ మూతల చుట్టూ మళ్లీ సీలు చేయించడం. డెక్కంతా ఊడదీయించడం మాత్రం వద్దు. ఆ ఖర్చు ధరలో తిరిగి రాదు. తడిసిన భాగాలను టేపుతో గుర్తుపెట్టి ఫొటోలు తీసి, చూడ్డానికొచ్చినవారికి మీరే చూపించండి. ముందే తెలిసిన లోపం మీద రెండోసారి తగ్గించమని అడగడం కష్టం.

ప్రశ్న: పడవలో ఉంటూనే అమ్మవచ్చా? ఖాళీ చేయాలా?
– పాఠకుడు, టకోమా

జవాబు: ఖాళీ చేస్తేనే మేలు. కుదరకపోతే సగం సామానైనా స్టోరేజికి పంపండి. సర్వేయర్ ప్రతి అలమరా, పరుపు కింది అర, నేల పలక తెరవాలి. తెరవలేనివన్నీ “చూడలేకపోయాం” అని రాస్తాడు, చదివేవారికి అది లోపంలాగే కనబడుతుంది.

వాసన విషయం మొహమాటం లేకుండా చెప్పాలి. రోజూ పోపు పెట్టే వంటింట్లో నూనె ఆవిరి, ఇంగువ, చేపల పులుసు వాసన పైకప్పు వినైల్‌కీ కుషన్ల నురుగుకీ పట్టేస్తాయి. ఉన్నవారికి తెలియదు, మెట్లు దిగినవారికి మొదటి గాలికే తెలుస్తుంది. వినైల్‌ని గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బుతో రెండుసార్లు తుడవండి, కుషన్ తొడుగులు ఉతికించండి, వెనకాల పొయ్యి పొగ తగిలే మూలలు మరిచిపోవద్దు. అగరుబత్తులు, స్ప్రేలు వాడితే ఏదో కప్పిపుచ్చుతున్నారన్న అనుమానమే మిగులుతుంది.

మురుగు వాసన వేరు. టాయిలెట్ గొట్టాలు ఏళ్లు గడిచేకొద్దీ వాసనను బయటికి వదులుతాయి, ఎంత కడిగినా పోదు. వేడినీటిలో ముంచి పిండిన గుడ్డ గొట్టానికి చుట్టి, చల్లారాక తీసి వాసన చూడండి. గుడ్డ కంపు కొడితే ఆ గొట్టం మార్చాలి. పని చిరాకైనది, కానీ ఈ ఖర్చుకి ఇంత తేడా తెచ్చే పని మరొకటి లేదు. షవర్ నీళ్ల సంపులో జుట్టు తీసేయండి, బిల్జ్‌లో (పడవ అట్టడుగు భాగం) నూనె జిడ్డు లేకుండా తుడవండి.

మీ స్లిప్ (మరీనాలో పడవ కట్టుకునే చోటు) గురించి ప్రకటనలో ఏ మాటా ఇవ్వకండి. కాపురముండే అనుమతి చాలా మరీనాల్లో మనిషికిస్తారు, పడవకి కాదు. ముందు మరీనా ఆఫీసులో అడిగి, వాళ్లు రాతలో ఇచ్చిందే చెప్పండి.

ప్రశ్న: మా పడవ కోస్ట్ గార్డ్ డాక్యుమెంటేషన్‌లో ఉంది. ఒక తెలుగాయన కొంటానంటున్నారు, ఆయనది గ్రీన్ కార్డు. కాగితాలెలా?
– పాఠకుడు, ఎవరెట్

జవాబు: ఇది ముందే అడగడం మంచిదైంది. కోస్ట్ గార్డ్ డాక్యుమెంటేషన్ (పడవ యాజమాన్యాన్ని ఫెడరల్ ప్రభుత్వం దగ్గర నమోదు చేయడం) అమెరికా పౌరులకే. గ్రీన్ కార్డు, హెచ్-1బి ఉన్నవారు పడవ కొనుక్కోవచ్చు, కానీ తమ పేరున డాక్యుమెంట్ చేయించుకోలేరు. డాక్యుమెంటేషన్ రద్దు చేయించి, రాష్ట్రం టైటిల్, రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ఆయన అప్పు తీసుకుంటుంటే బ్యాంకును ఇప్పుడే కనుక్కోమనండి. పెద్ద పడవలకి అప్పిచ్చేవారు డాక్యుమెంట్ చేసిన పడవ మీదే తాకట్టు నమోదు కోరడం మామూలు.

మీ వైపు నుంచి వెస్ట్ వర్జీనియా ఫాలింగ్ వాటర్స్‌లోని నేషనల్ వెసెల్ డాక్యుమెంటేషన్ సెంటర్ నుంచి అబ్‌స్ట్రాక్ట్ ఆఫ్ టైటిల్ (పడవ యజమానులు, అప్పుల చరిత్ర) తెప్పించండి. ఎప్పుడో తీరిపోయిన పాత యజమాని అప్పు కూడా అందులో తెరిచే ఉండొచ్చు. బ్యాంకు నుంచి అప్పు తీరినట్టు పత్రం తెచ్చి నమోదు చేయించేదాకా అమ్మకం ఆగుతుంది, వారాలు పడుతుంది. బిల్ ఆఫ్ సేల్‌కి సీజీ-1340 ఫారం వాడి నోటరీ ముందు సంతకం చేయాలి. ఇద్దరి పేర్లుంటే ఇద్దరూ చేయాలి. మనవాళ్లకి వచ్చే చిక్కు పేర్లది: సర్టిఫికెట్ మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. సర్టిఫికెట్ మీద ఎలా ఉంటే అలాగే రాయండి, తేడా ఉంటే ముందే సరిచేయించండి.

ప్రశ్న: కొన్నదానికంటే చాలా తక్కువకి అమ్ముడుపోయింది. ఆ నష్టం పన్నులో చూపవచ్చా?
– పాఠకుడు, రెడ్‌మండ్

జవాబు: లేదు. సొంతానికి వాడుకున్న ఆస్తి మీద నష్టం తీసివేతకి రాదు. పడక, వంట, టాయిలెట్ ఉన్న పడవ ఇల్లుగా లెక్కకొచ్చినా ఇందులో మార్పు లేదు. అద్దెకి ఇచ్చి ఉంటే లెక్క వేరు, సీపీఏని కలవండి.

ప్రశ్న: ఎవరూ కొనడం లేదు. ఒకాయన 500 డాలర్లు నగదు ఇచ్చి రేపే తీసుకెళ్తానంటున్నాడు. ఇచ్చేయనా?
– పాఠకుడు, బ్రెమర్టన్

జవాబు: ఆయనకి స్లిప్ ఎక్కడ ఉంది, బీమా ఎవరు ఇచ్చారు అని అడిగి, రెండూ కాగితం మీద చూడండి. లేకపోతే ఇవ్వొద్దు. అలా వెళ్లిన పడవలు ఎక్కడో లంగరు వేసి వదిలేస్తే మునుగుతాయి, తీయించే ఖర్చు వేల డాలర్లు. రాష్ట్రం రికార్డుల్లో మీ పేరే ఉంటే మొదటి ఉత్తరం మీ ఇంటికే వస్తుంది. పడవ 45 అడుగుల లోపుదై, నిజంగానే విలువ లేనిదైతే వాషింగ్టన్ రాష్ట్ర సహజవనరుల శాఖకి పాత పడవలు తీసుకునే పథకం ఉంది, దానికి దరఖాస్తు పెట్టండి. ఎవరికి అమ్మినా కొన్నవారి గుర్తింపు కార్డు ఫొటో తీసుకుని, అమ్మకం నివేదిక వెంటనే దాఖలుచేసి, దాని ప్రతి దాచుకోండి. బీమా మాత్రం డబ్బు మీ ఖాతాలో పడి, పడవ మీ స్లిప్ వదిలాకే రద్దు చేయండి.